పికిల్ రూల్

షామ్‌బర్గ్,
మే 11, 2008

వదినా,

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం రాసిందేమిటి, ఈ పిల్లకి మతిగానీ పోయిందా అనుకుంటున్నావు కదూ? పోలేదు. ఇలాంటి సంగతులు ఈమెయిల్‌లో రాయకూడదని, అవి ఎప్పటికీ చెరగవని రాజారావు గారు చెప్పారు. ఫోన్‌లో చెబుదామంటే ఈ గెస్ట్‌హౌస్‌లో ఆరుగురం ఆడపిల్లలం, ఒకరి మాట ఇంకొకరికి వినపడకుండా తుమ్మడానికి కూడా లేదు. అందుకే కాగితం. చదివి చించెయ్.

రాజారావు గారంటే మా కన్సల్టెన్సీ ఓనరు. అమెరికాలో చదువైపోయిన వాళ్ళని తెచ్చి ఈ ఇంట్లో పెట్టి, మా రెజ్యూమేలు కంపెనీలకి పంపుతుంటారు. నాతోపాటు వచ్చిన వాళ్ళందరూ ఉద్యోగాలు దొరికి వెళ్ళిపోయారు. నేను మాత్రం కరివేపాకులా మిగిలిపోయాను. "ఫ్రెషర్‌ని ఎవరు తీసుకుంటారమ్మా? నాలుగేళ్ళ ఎక్స్‌పీరియన్స్ పెడదాం" అన్నారాయన. ఎవరిది పెట్టాలి? నాకు తెలిసిన వాళ్ళలో డేటాబేస్ పని నిజంగా చేసింది నువ్వొక్కదానివే. అన్నయ్యని అడిగితే నీ పాత రెజ్యూమే పంపాడు. పేరు, అడ్రసు మార్చి మిగతాదంతా అలాగే ఉంచారు. నిన్ను అడగలేదని నాకు బాధగానే ఉంది, కానీ అన్నయ్య "మీ వదిన ఏమీ అనదులే" అన్నాడు.

ఇప్పుడు అసలు సంగతి. ఇక్కడే ఒక ఇన్సూరెన్స్ కంపెనీ వాళ్ళు పిలిచారు. ఈ నెలాఖర్లో ఫోన్ ఇంటర్వ్యూ. నువ్వు నా పేరుతో మాట్లాడతావా వదినా? నేను కాల్ కలిపి మ్యూట్‌లో ఉంటాను. ఇక్కడ అందరూ ఇలాగే చేస్తున్నారు, ఇదేం పెద్ద విషయం కాదు. ఇది కూడా పోతే నా వీసా స్టేటస్ పోతుంది, ఇంటికి టికెట్ కొనుక్కోవడమే.

నీ కాళ్ళు పట్టుకుంటున్నాననుకో.

వల్లి

*

ఫార్మింగ్టన్ హిల్స్,
మే 15, 2008

వల్లీ,

ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అనలేదు. నాకు మొగుడూ ఉన్నాడు, అర్ధమొగుడూ ఉంది. ఇద్దరూ కలిసి నా నాలుగేళ్ళ ఉద్యోగాన్ని తీసేసుకుని, ఆ తరవాత తీరిగ్గా కబురు పెట్టారు. మా అమ్మ అరువిచ్చిన చీరకైనా ఇంతకన్నా మర్యాద ఉండేది, అడిగి పట్టుకెళ్ళేవాళ్ళు.

కుదరదని మీ అన్నయ్యతో చెప్పాను. "ఖాళీగానే ఉన్నావుగా దమయంతీ, అరగంట మాట్లాడితే నీ సొమ్మేం పోతుంది?" అన్నారు. ఆ "ఖాళీ" అనే మాటకి నాకు ఎంత కోపం వచ్చిందో ఆయనకి తెలియదు. నా వీసా మీద పని చెయ్యకూడదు కాబట్టి ఖాళీ. చేతకాక కాదు. హైదరాబాద్‌లో నేను సెలవు పెడితే బ్యాంకులో మా మేనేజరు ముఖం వేలాడేసేవాడు. ఇక్కడ నా పేరున ఉన్నది లైబ్రరీ కార్డొక్కటే.

సరే, మాట్లాడతాను. నీ మీద ప్రేమతోనే అని అబద్ధం చెప్పను. ఎవరో ఒకరు నన్ను ఆ ప్రశ్నలు అడిగి ఏడాది దాటింది వల్లీ. అడిగితే చెప్పాలని ఉంది, వేరేవాళ్ళ పేరుతోనైనా సరే.

ఒక్కసారే. మళ్ళీ అడిగావంటే అన్నయ్యతో చెబుతాననుకున్నావా? ఆయనతో చెప్పి లాభం లేదు. మీ అమ్మగారితో చెబుతాను.

దమయంతి

*

షామ్‌బర్గ్,
జూన్ 22, 2008

వదినా వదినా వదినా,

వచ్చింది! ఫోన్‌లో నువ్వు "సరేలే, మంచిది" అని పెట్టేశావు. అందుకే మళ్ళీ రాస్తున్నాను.

నువ్వు మాట్లాడుతుంటే మ్యూట్‌లో నోరు తెరుచుకుని విన్నాను. ఆ మేనేజరు, గ్రెగ్, "నువ్వు తీసిన బ్యాకప్ మంచిదని నీకెలా తెలుసు?" అని అడిగాడు చూడు, అక్కడ నేనైతే సాఫ్ట్‌వేర్ పేరు చెప్పేదాన్ని. నువ్వేమో మీ అమ్మగారి ఆవకాయ జాడీ చెప్పావు! జాడీకి వాసెన కట్టేసి అటకెక్కిస్తే అయిపోదు, మూడోనాడు మూత తీసి కలిపి ఉప్పు చూడాలి, బ్యాకప్ కూడా అంతే, దాచింది పనికొస్తుందో లేదో విప్పి చూడకపోతే దాచనట్టే అన్నావు. గ్రెగ్ ఎంతసేపు నవ్వాడో! తరవాత బ్యాంకు మెషీన్ కాలిపోయిన రోజు కథ. ప్రతి శుక్రవారం నువ్వు విప్పి చూసే అలవాటు వల్లే ఏటీఎంలు తెల్లారేసరికి మళ్ళీ నడిచాయని చెప్పినప్పుడు నాకే ఒళ్ళు జలదరించింది. అది నేనే చేశానని ఒక్క క్షణం నేను కూడా నమ్మాను.

మొదటిరోజు గ్రెగ్ నన్ను చూసి "ఫోన్‌లో నీ గొంతు వేరేగా ఉందే" అన్నాడు. జలుబు అన్నాను.

ఒక చిన్న సంగతి. వాళ్ళు నాకు సోమవారం ఇచ్చిన పని ఏమిటో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. సాయంత్రం ఫోన్ చెయ్యనా?

నీ అర్ధమొగుడు

*

ఫార్మింగ్టన్ హిల్స్,
ఫిబ్రవరి 22, 2009

వల్లీ,

ఈసారి ఫోన్‌లో చెప్పలేకపోయాను. పక్కన మీ అన్నయ్య ఉన్నారు. ఆయన ముందు ధైర్యంగా ఉండాలి కదా.

కంపెనీ వాళ్ళు ఆయన డిపార్ట్‌మెంట్ మొత్తాన్ని తీసేశారు. ఇక్కడ కార్ల కంపెనీల సంగతి నీకు తెలిసిందే. మా వీధిలో సగం ఇళ్ళ ముందు అమ్మకానికి బోర్డులున్నాయి. నాకు ఆరో నెల. ఆయన పొద్దున్నే లేచి, స్నానం చేసి, ఆఫీసు షర్టు వేసుకుని బేస్‌మెంట్‌లో కంప్యూటర్ ముందు కూర్చుంటున్నారు. ఇంకో ఉద్యోగం దొరక్కపోతే ఆయన వీసా పోతుంది, ఆయనది పోతే నాదీ పోతుంది.

నాకు ఏడుపొచ్చేది ఉద్యోగం పోయినందుకు కాదు. నిన్న సాయంత్రం నీకు గంటసేపు ఆ రిపోర్టులు ఎందుకు నెమ్మదిగా వస్తున్నాయో చెప్పి, ఫోన్ పెట్టేసి కిందికి వెళ్ళాను. ఆయన తలపట్టుకుని కూర్చున్నారు. ఈ ఇంట్లో పని తెలిసిన మనిషి ఉంది, చేసే హక్కున్న మనిషి లేదు. అది తట్టుకోలేకపోయాను.

నిన్నేమీ అడగటం లేదు. నువ్వు నేర్చుకుంటున్నావు, సంతోషమే. మొదట్లో రోజూ చేసేదానివి, ఇప్పుడు వారానికి రెండు మూడుసార్లే. ఒక్కసారే అన్నదాన్ని నేనే కాబట్టి నన్ను నేనే తిట్టుకోవాలి.

దమయంతి

*

షామ్‌బర్గ్,
అక్టోబర్ 2, 2011

వదినా,

రిషిత ఫొటోలు చూశాను, అచ్చం అన్నయ్య ముక్కే. అన్నయ్య కొత్త ఆఫీసులో స్థిరపడ్డాడని విని ఊపిరి పీల్చుకున్నాను.

నా సంగతులు చెప్పనా? రాజారావు గారి దగ్గర్నుంచి బయటపడ్డాను. కంపెనీ వాళ్ళే పర్మనెంట్ చేసుకున్నారు, గ్రీన్ కార్డ్‌కి కూడా ఫైల్ చేశారు. ఇప్పుడు నేను టీమ్ లీడ్‌ని! వినీత్ వాళ్ళింట్లో మా పెళ్ళికి ముహూర్తం పెడుతున్నారు, అది వేరే పెద్ద కథ, ఫోన్‌లో చెబుతాను.

నవ్వకుండా చదవాలి మరి. మా ఫ్లోర్‌లో గోడమీద ఒక పోస్టరు పెట్టారు. జాడీ బొమ్మ, కింద "పికిల్ రూల్: మూత తీసి చూడు" అని. ప్రతి శుక్రవారం అందరూ బ్యాకప్‌లు విప్పి పరీక్షించాలి. కొత్తగా చేరిన వాళ్ళకి గ్రెగ్ స్వయంగా చెబుతాడు, ఇది శ్రీవల్లి పెట్టిన రూల్, బ్యాంకుని కాపాడింది అని. నన్ను నిలబెట్టి ఆ బ్యాంకు కథ చెప్పమంటాడు. చెబుతాను. ఏం చెయ్యను? మొన్న ఎవరో జాడీ ఎవరిదని అడిగితే మా అమ్మమ్మదని చెప్పేశాను.

నీకు వర్క్ పర్మిట్ వచ్చిన రోజున మొదటి ఉద్యోగం మా దగ్గరే. ఇది నా మాట. నిన్ను నా పక్క సీట్లో కూర్చోబెట్టుకుంటాను.

వల్లి

*

ఫార్మింగ్టన్ హిల్స్,
అక్టోబర్ 9, 2011

వల్లీ,

మా అమ్మ జానకీదేవికి ఇంకా అరవై నిండలేదు. ఆవిడని నీకు అమ్మమ్మని చేసి కూర్చోబెట్టావు. ఆవిడకి చెబితే నవ్వింది, తరవాత "మరి నా పేరు చెప్పలేదా?" అని అడిగింది.

పోస్టరు ఫొటో పంపు. నా మాట గోడమీద ఎలా ఉందో చూడాలనుంది.

నీ మాట గుర్తుంచుకుంటాను. మాట ఇవ్వడం తేలికే వల్లీ, పక్క సీటు ఖాళీగా ఉంచడమే కష్టం.

దమయంతి

*

ఫార్మింగ్టన్ హిల్స్,
మార్చి 1, 2015

వల్లీ,

వార్త చూశావా? మీ అన్నయ్యలా గ్రీన్ కార్డ్ లైన్లో ఉన్నవాళ్ళ భార్యలకి పని చేసుకోవడానికి అనుమతి ఇస్తున్నారు! మే నెలాఖరు నుంచి అప్లై చెయ్యవచ్చట. మీ అన్నయ్య టీవీ సౌండ్ తగ్గించి మరీ నాకు చెప్పారు. నేను గరిటె పట్టుకునే సోఫాలో కూర్చుండిపోయాను. పప్పు మాడింది, ఎవరూ ఏమీ అనలేదు.

ఇంకో సంగతి విను. రిషిత స్కూల్లో అమ్మానాన్నలు ఏం పని చేస్తారో బొమ్మ వెయ్యమన్నారు. నాన్నకి కారు వేసింది. నాకు ఫోను వేసింది. "మమ్మీ జాబ్ ఫోన్ మాట్లాడటం. శ్రీ అత్తతో" అని టీచర్‌కి చెప్పిందట. దాని మాటల్లో ఆ "ఫోన్" ఎంత తెల్లవాళ్ళలా పలుకుతుందో నీకు తెలుసు కదా. టీచరు ఎంతో ముద్దుగా ఉందని మాకు పంపించింది. నేను బాత్రూమ్‌లోకి వెళ్ళి ఏడ్చాను.

ఇంకెందుకు ఏడవాలి? పుస్తకాలన్నీ మళ్ళీ తీశాను. కొత్త వెర్షన్లు ఇంట్లోనే ఇన్‌స్టాల్ చేసుకుని చూస్తున్నాను, నీ ప్రశ్నల పుణ్యమా అని ఏదీ మరిచిపోలేదు. మీ కంపెనీకి మా పక్కనే సౌత్‌ఫీల్డ్‌లో కూడా ఆఫీసుంది కదా. అడగందే అమ్మయినా పెట్టదంటారు. అందుకే అడుగుతున్నాను. నీ మాట గుర్తుందిగా?

దమయంతి

*

షామ్‌బర్గ్,
ఏప్రిల్ 19, 2015

వదినా,

ఆలస్యానికి సారీ. బాబుకి జ్వరం, ఆఫీసులో ఆడిట్.

చాలా సంతోషం. నీకు ఇది ఎప్పుడో రావలసింది. సౌత్‌ఫీల్డ్‌లో ప్రస్తుతానికి ఖాళీల్లేవు, కనుక్కున్నాను. నిజం చెబితే కోప్పడకు, ఏడెనిమిదేళ్ళ గ్యాప్ అంటే ఇక్కడ చాలా పెద్దది. నేనే ఇప్పుడు ఇంటర్వ్యూలు చేస్తున్నాను కాబట్టి చెబుతున్నాను, గ్యాప్ చూడగానే పక్కన పెట్టేస్తారు. డేటాబేస్ మీదే పట్టుబట్టకుండా టెస్టింగ్ కోర్సు ఏదైనా చెయ్యి. ఆన్‌లైన్‌లో తెలుగువాళ్ళే చెబుతారు, మూడు నెలలు. లేదా స్కూల్లో సబ్‌స్టిట్యూట్ టీచర్‌గా వెళితే రిషితకి కూడా వీలుగా ఉంటుంది.

మీ ఇద్దరికీ నా ముద్దులు.

శ్రీవల్లి

*

ఫార్మింగ్టన్ హిల్స్,
సెప్టెంబర్ 13, 2015

వల్లీ,

కార్డు వచ్చింది. నా ఫొటో, నా పేరు. రిషిత దాన్ని రెండు రోజులు తలగడ కింద పెట్టుకుని పడుకుంది.

టెస్టింగ్ కోర్సు చెయ్యలేదు. నాకు వచ్చిన పని ఉండగా రాని పని ఎందుకు? ఎన్నో చోట్ల అప్లై చేశాను, గ్యాప్ సంగతి నువ్వు చెప్పింది నిజమే, చాలామంది అక్కడే ఆగిపోయారు. చివరికి ఛాయాదేవి అని ఒక తెలుగు రిక్రూటర్ దొరికింది. "మేడమ్, సౌత్‌ఫీల్డ్‌లో ఒక ఇన్సూరెన్స్ కంపెనీకి డేటాబేస్ మనిషి కావాలి, ఏప్రిల్ నుంచీ దొరకడం లేదు" అంది. చూస్తే మీ కంపెనీయే! ఏప్రిల్‌లో నువ్వు ఖాళీల్లేవన్నావు. నీకు తెలిసి ఉండదులే.

మనం బంధువులమని చెప్పలేదు. నీకు ఇబ్బంది రాకూడదని. నా పాస్‌పోర్ట్‌లో పుట్టింటి ఇంటిపేరే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. పాత రెజ్యూమే గురించి కొంచెం ఆలోచించాను, కానీ ఏడేళ్ళనాటి కాగితం ఎవరు తీసి చూస్తారు?

నిన్ననే ఫోన్ ఇంటర్వ్యూ అయింది. చేసింది ఎవరనుకున్నావు? గ్రెగ్! గొంతు వినగానే గుర్తుపట్టాను. ఆయనకి నేను తెలియదు కదా, నాకు మాత్రం పాత స్నేహితుడితో మాట్లాడినట్టుంది. ఒక్క ప్రశ్నకి కూడా తడుముకోలేదు. మీ అన్నయ్య తలుపు దగ్గర నిలబడి విన్నారు. ఇన్నేళ్ళలో నేను ఈ సంగతులు నా పేరుతో మాట్లాడటం ఆయన వినడం ఇదే మొదటిసారి. కళ్ళు తుడుచుకోవడం చూశాను.

ఒక్కటే పొరపాటు చేశాను. బ్యాకప్ గురించి అడిగితే ఆవకాయ జాడీ సంగతి చెప్పేశాను. బ్యాంకు కథ కూడా. చెబుతుండగా మీ గోడమీది పోస్టరు గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాను. కానీ ఏం చెయ్యను, నా అనుభవం అడిగితే నాకు గుర్తొచ్చేది అదే. గ్రెగ్ మధ్యలోనే ఆపి, "ఈ కథ ఎక్కడ విన్నారు?" అన్నాడు. "వినలేదండీ, చేశాను" అన్నాను. థాంక్స్ చెప్పి పెట్టేశాడు.

నిన్ను అడుగుతాడేమో. అడిగితే ఏదో ఒకటి సర్ది చెప్పు. ఒకే ఊళ్ళో ఒకే బ్యాంకులో ఇద్దరం కలిసి పనిచేశామని చెప్పినా నాకేమీ అభ్యంతరం లేదు. సగం పేరు నువ్వే ఉంచుకో, సగం నాకు చాలు.

దమయంతి

*

షామ్‌బర్గ్,
సెప్టెంబర్ 17, 2015

వదినా,

నన్ను ఒక్కమాట అడగకుండా ఎందుకు అప్లై చేశావు? అమెరికాలో ఇంకో కంపెనీయే లేదా? ఈ సంగతి ఫోన్‌లో మాట్లాడకు, మెసేజ్ పెట్టకు. వినీత్‌కి ఏమీ తెలియదు. వాళ్ళు మళ్ళీ పిలిస్తే ఆసక్తి లేదని చెప్పెయ్. ప్లీజ్.

శ్రీవల్లి

*

ఫార్మింగ్టన్ హిల్స్,
అక్టోబర్ 4, 2015

శ్రీవల్లీ,

వాళ్ళు పిలవలేదు. ఛాయాదేవి చేసింది. పాపం, మంచిపిల్ల, గొంతు తగ్గించి చెప్పింది. "మేడమ్, మీ రెజ్యూమే ఫేక్ అని క్లయింట్ దగ్గర్నుంచి వచ్చింది. వాళ్ళ ఎంప్లాయీ ఒకామె రెజ్యూమేని మక్కీకి మక్కీ దించేశారట. ఇంటర్వ్యూలో ఆమె కథ కూడా చెప్పారట. మా సిస్టమ్‌లో మీ పేరు బ్లాక్ చేశారు, ఇంక నేను ఎక్కడికీ పంపలేను." నేను నోరు తెరిచేలోపు తనే ఓదార్చింది. "బాధపడకండి మేడమ్, మనవాళ్ళకి ఇది మామూలే. ఈసారి వేరేవాళ్ళ ప్రాజెక్టులు పెట్టుకోండి, పట్టుబడనివి."

అర్థమైందా? నా పని నేను చేశానని చెప్పుకుంటే దొంగతనం. ఇంకెవరిదో ఎత్తుకొస్తే ఉద్యోగం.

నేను కోపంగా లేనని అబద్ధం చెప్పను. కోపం కన్నా ఏడుపే ఎక్కువగా ఉంది. మీ అన్నయ్యకి చెబితే "ఇప్పుడు దీన్ని పెద్దది చేస్తే దాని గ్రీన్ కార్డ్ పోతుంది, పసివాడున్నాడు" అన్నారు. ఆరోజు నా రెజ్యూమే పంపినప్పుడు మాత్రం ఇంత ఆలోచించలేదు. తలుపు దగ్గర కళ్ళు తుడుచుకున్న మనిషి ఈయనేనా అనిపించింది.

భయపడకు, నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు, చెప్పను. నాకు ఒక్కటే తెలియాలి. గ్రెగ్ నిన్ను పిలిచి అడిగి ఉంటాడు. నువ్వేమన్నావు? కలిసి పనిచేశామన్నావా? మరిచిపోయానన్నావా? ఉన్నది ఉన్నట్టు రాయి.

దమయంతి

*

షామ్‌బర్గ్,
అక్టోబర్ 25, 2015

వదినా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి ఆపేశాను.

గ్రెగ్ గదిలోకి పిలిచాడు. రెండు రెజ్యూమేలు పక్కపక్కన పెట్టాడు. నాది 2008ది, నా పాత ఫైల్లోంచి తీశాడు. నీది కొత్తది. అవే వాక్యాలు, అవే ప్రాజెక్టులు, నువ్వు అప్పుడు తప్పు రాసిన ఒక స్పెల్లింగుతో సహా. "ఈమె నీకు తెలుసా?" అన్నాడు.

తెలుసంటే ఎలా తెలుసు అంటాడు. కలిసి పనిచేశామంటే ఆ బ్యాంకుకి ఫోన్ చేస్తాడు. చేస్తే అక్కడ నా పేరు లేదు. నా గ్రీన్ కార్డ్ ఫైల్లో కూడా ఆ నాలుగేళ్ళే ఉన్నాయి. అంతా ఒకేసారి పోతుంది వదినా. ఇల్లు, వినీత్ దగ్గర నా ముఖం, బాబు. అదంతా ఒక్క సెకనులో నా కళ్ళముందు తిరిగింది. తెలియదన్నాను. ఆ పేరు ఎప్పుడూ వినలేదన్నాను. ఆయన ఇంకా చూస్తుంటే, "మా వాళ్ళలో ఇలాంటి ఫేక్ రెజ్యూమేలు చాలా ఉంటాయి, నా కథ ఎక్కడో విని ఉంటుంది" అని కూడా అన్నాను. అది అనకుండా ఉండాల్సింది. నోటినుంచి వచ్చేసింది. ఆయన నా భుజం తట్టి "సారీ, నీకు ఇలా జరగడం దారుణం" అన్నాడు.

నన్ను తిట్టు. కానీ అర్థం చేసుకో. నువ్వు నా స్థానంలో ఉన్నా అదే చేసేదానివి. నీకు అన్నయ్య సంపాదన ఉంది, ఇల్లు గడుస్తుంది. నాది పోతే మాకు చాలా పోతుంది.

ఇది ఇప్పుడు అడగకూడదని తెలుసు. వేరే దారి లేక అడుగుతున్నాను. వచ్చే నెలలో పాత సర్వర్ల నుంచి కొత్తవాటికి మారుతున్నాం. పాత బ్యాకప్ విప్పితే సగంలో ఆగిపోతోంది. ఈ మధ్య శుక్రవారాలు ఎవరూ సరిగ్గా చూడటం లేదు, నేనూ పట్టించుకోలేదు. అందరూ నా వైపే చూస్తున్నారు. గ్రెగ్ "నువ్వు బ్యాంకులో చేసినట్టే చెయ్యి" అంటున్నాడు. ఆరోజు నీకూ మొదట సగంలో ఆగిందని, తరవాత ఏదో చేశావని ఒకసారి చెప్పావు. ఆ ముక్క నాకు సరిగ్గా గుర్తులేదు. ఏం చేశావో కొంచెం వివరంగా రాస్తావా? ఫోన్ చేస్తానన్నా సరే, వినీత్ ఆఫీసుకి వెళ్ళాక చెయ్యి.

నీ వల్లి

*

ఫార్మింగ్టన్ హిల్స్,
నవంబర్ 1, 2015

శ్రీవల్లి గారికి,

పరిచయం లేని వాళ్ళకి మీరు అనే రాయాలి కాబట్టి అలాగే రాస్తున్నాను.

మీ ఉత్తరం మా వారికి చదవమని ఇచ్చాను. చదివి, మడతపెట్టి, "జవాబు రాసెయ్యి, పాపం దానికి కష్టంగా ఉంది" అన్నారు. ఏడేళ్ళ క్రితం అన్న మాటే. ఈసారి "ఖాళీగానే ఉన్నావుగా" అనలేదు, ఎందుకంటే నేను ఖాళీగా లేను. పోయిన సోమవారం నుంచి పని చేస్తున్నాను. ఇక్కడ ఒక పళ్ళ డాక్టరు గారి ఆఫీసులో ఫోన్ ఎత్తి అపాయింట్‌మెంట్లు రాసుకోవడం. రిషిత తన బొమ్మ మార్చక్కర్లేదు, మమ్మీ జాబ్ ఫోన్ మాట్లాడటమే. అది చాలా సంతోషించింది. దానికి సంతోషంగా ఉందని నేనూ నవ్వాను.

దానికోసం కొత్త రెజ్యూమే రాసుకున్నాను. ఛాయాదేవి చెప్పినట్టు ఇంకెవరివో కలపలేదు. నావి తీసేశాను. బ్యాంకులో నాలుగేళ్ళు ఉన్నచోట ఏమీ లేదు ఇప్పుడు. డాక్టరు గారి భార్య ఇంటర్వ్యూ చేసింది. "ఇంతకుముందు ఎక్కడైనా పనిచేశారా?" అని అడిగింది. లేదన్నాను. ఆ మాట చెప్పడానికి ఎంతసేపు పట్టిందో మీకు తెలియదు. అలవాటైపోతుందిలెండి. మీకు అలవాటైంది కదా.

ఏరు దాటాక తెప్ప తగలేశారని మిమ్మల్ని అనుకునేదాన్ని. అది కూడా తప్పు. మీరు తెప్పని తగలేసి, ఇప్పుడు ఏటి మధ్యకొచ్చి మళ్ళీ దాన్నే కేకేస్తున్నారు.

మీకు భయం వేసిందని నమ్ముతాను. తెలియదన్నందుకు మిమ్మల్ని ఎప్పటికైనా క్షమించేదాన్నేమో. మా వాళ్ళలో ఇలాంటి ఫేకులు చాలా ఉంటాయన్నారు చూడండి, అది క్షమించలేను. నా గొంతుతో ఉద్యోగం తెచ్చుకుని, నా గొంతునే దొంగదన్నారు.

మా అమ్మ నిన్న ఫోన్‌లో అడిగింది, నా జాడీ బొమ్మ ఇంకా గోడమీద ఉందా అని. ఉందన్నాను. మూత మాత్రం ఎవరూ తియ్యడం లేదట అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు.

ఇక మీ ప్రశ్న. ఆరోజు బ్యాంకులో సగంలో ఆగిన బ్యాకప్‌ని ఎలా దాటించారో చెప్పమన్నారు. దాటించింది మీరు. మీ రెజ్యూమేలో ఉంది, మీ గ్రీన్ కార్డ్ ఫైల్లో ఉంది, మీ గ్రెగ్ అందరికీ చెబుతున్నాడు. అక్కడ ఉన్నది మీరైతే మీకే గుర్తుండాలి. నేను పళ్ళ డాక్టరు దగ్గర ఫోన్ ఎత్తే మనిషిని. నాకు అనుభవం లేదు.

అయినా ఆ పేరు మీరెప్పుడూ వినలేదన్నారు. విననే వినని మనిషికి ఉత్తరం రాశారేమిటండీ?

దమయంతి